నేల తీరు చూసి ఇల్లు కట్టిన లారీ బేకర్

సామాన్య కుటుంబం అప్పుల పాలు కాకుండా, ప్రకృతికి భారం కాకుండా ఇల్లు కట్టుకోవడం సాధ్యమేనని ఆచరణలో చూపిన వాస్తుశిల్పి లారీ బేకర్. 1917 మార్చి 2న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆయన జన్మించారు. వాస్తుశిల్ప విద్య ముగించుకుని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చైనాలో వైద్య సేవా బృందంతో పనిచేశారు. స్వదేశానికి తిరిగి వెళుతూ, ఓడ కోసం బొంబాయిలో వేచి ఉన్న రోజుల్లో మహాత్మా గాంధీని కలుసుకున్నారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల పరిధిలోనే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయనకు జీవితాంతం దారి చూపింది.

1945లో కుష్ఠు రోగుల సేవాసంస్థ తరఫున బేకర్ భారతదేశానికి తిరిగి వచ్చారు. 1948లో కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్ జాకబ్‌ను వివాహమాడారు. ఆ దంపతులు హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో పదహారేళ్లు నివసించి, అక్కడి ప్రజలకు వైద్యం అందించారు. తన పట్టణ చదువు ఆ కొండ పల్లెల్లో అంతగా అక్కరకు రాదని బేకర్ గ్రహించింది అక్కడే. స్థానికులు రాయి, మట్టి, కలపలతో తరతరాలుగా కట్టుకుంటున్న ఇళ్లు చలినీ వాననూ ఎలా తట్టుకుంటున్నాయో ఆయన శ్రద్ధగా పరిశీలించారు.

1963లో కేరళకు తరలివెళ్లిన తరువాత ఆ పాఠాలనే అక్కడి వాతావరణానికి అనువుగా మలచుకున్నారు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ ఉంచే ‘ఎలుకబోను’ కట్టుబడితో దాదాపు నాలుగో వంతు ఇటుకలు ఆదా అయ్యేవి. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిమిని లోపలికి రానీయదు. కాంక్రీటు బలం అంతగా అవసరం లేని పైకప్పు అడుగు భాగంలో మంగళూరు పెంకులు పొదగడంతో సిమెంటు, ఉక్కు ఖర్చు తగ్గింది. ఇటుక జాలీలు కిటికీల వ్యయాన్ని తగ్గిస్తూనే గాలిని, చల్లని వెలుతురును ఇంట్లోకి పంపాయి. గోడలకు సిమెంటు పూత అక్కరలేదన్నది ఆయన అభిప్రాయం.

తిరువనంతపురంలోని నాలాంచిరలో ఆయన నిర్మించుకున్న ‘హ్యామ్లెట్’ ఈ విధానానికి చక్కని నిదర్శనం. రాతి వాలును చదును చేయకుండా, దాని ఒంపులకు తగినట్లే గదులను అమర్చారు. కూల్చిన పాత ఇళ్ల తలుపులు, కలప, వాడి పారేసిన సీసాలు సైతం అందులో చోటు చేసుకున్నాయి. ఆ ఇల్లు ఒక్కసారిగా పూర్తయింది కాదు. కుటుంబ అవసరాలు పెరిగేకొద్దీ ఏళ్ల తరబడి విస్తరించింది.

అయితే ఈ పద్ధతికి ఆటంకాలు లేకపోలేదు. నిర్మాణ వ్యయంలో శాతంగా రుసుము తీసుకునే వ్యవస్థలో పొదుపు ఎవరికీ లాభసాటి కాదు. చౌక ఇల్లంటే పేదల ఇల్లేనన్న చిన్నచూపు సైతం ఎదురైంది. బేకర్ మాత్రం ధనికులకూ పేదలకూ ఒకే సూత్రాలతో ఇళ్లు కట్టారు. నిర్మాణ స్థలంలోనే మేస్త్రీలతో కలసి పనిచేస్తూ, అవసరమైతే అప్పటికప్పుడు నమూనాను మార్చేవారు. 1985లో ఆరంభమైన ‘కాస్ట్‌ఫోర్డ్’ సంస్థ ద్వారా ఆ నైపుణ్యం తరువాతి తరానికి అందింది.

భారత పౌరసత్వం స్వీకరించిన బేకర్‌ను 1990లో ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలో, తాను కట్టుకున్న ఆ ఇంట్లోనే ఆయన తుదిశ్వాస విడిచారు.