వెనక వరుసకు వీరతాడు

క్రిస్మస్ దగ్గరపడిందంటే అమెరికాలో చాలా ఊళ్లలో ఓ వింత మేళం కూడుతుంది. అందులో వయొలిన్ ఉండదు, ఫ్లూట్ ఉండదు, ట్రంపెట్‌కూ చోటు లేదు. ఉన్నవన్నీ మంద్రంగా మోగే ఇత్తడి వాద్యాలే: ట్యూబాలు, సూసాఫోన్లు, యుఫోనియంలు, బారిటోన్లు. వాటిని ఊదేవాళ్లలో బడిపిల్లలుంటారు, తాతయ్యలుంటారు. వాళ్లలో చాలామందికి సంగీతం బతుకుతెరువు కాదు, సరదా. ‘ట్యూబా క్రిస్మస్’ అనే ఈ వేడుకకు 2024తో యాభై ఏళ్లు నిండాయి. సరదాకు ట్యూబా పట్టుకుని జన్మంతా వదలని వాళ్లందరికీ ఈ స్వర్ణోత్సవం పేరుతో మా అభినందనలు.

ఈ పండుగ ఒక శిష్యుడు చెల్లించిన గురుదక్షిణ. ఆ శిష్యుడు హార్వే ఫిలిప్స్. 1929లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. సర్కస్ బ్యాండులో ట్యూబా ఊదుతూ పైకొచ్చి, ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆయన గురువు విలియం బెల్ 1902లో సరిగ్గా క్రిస్మస్ రోజున పుట్టాడు, 1971లో కన్నుమూశాడు. గురువు పుట్టినరోజును ఆయన వాద్యమైన ట్యూబాతోనే జరపాలని ఫిలిప్స్ న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ సెంటర్ వాళ్లను చోటడిగాడు. వందల ట్యూబాలనేసరికి వాళ్లు తటపటాయించారట. లియొనార్డ్ బెర్న్‌స్టీన్, స్టొకోవ్‌స్కీ వంటి సంగీత దిగ్గజాల ఫోన్ నంబర్లిచ్చి, నా సంగతి వాళ్లనే అడగండి అన్నాడట ఫిలిప్స్! మొత్తానికి 1974 డిసెంబరు 22న అక్కడి ఐస్ రింకులో మూడు వందల మందికి పైగా కళాకారులు కొలువుదీరారు. క్రిస్మస్ పాటలను ఆ వాద్యాలకు తగ్గట్టు మలిచి ఇచ్చినవాడు స్వరకర్త అలెక్ వైల్డర్.

ఆర్కెస్ట్రాలోని ఇత్తడి వాద్యాల్లో ట్యూబాది చిన్న వయసు. 1835 సెప్టెంబరు 12న బెర్లిన్‌లో వీప్రెక్ట్, మోరిట్జ్ అనే ఇద్దరు దీనికి పేటెంట్ తీసుకున్నారు. వయసు చిన్నదైనా మోసే బరువు పెద్దది. పెళ్లికి వచ్చినవాళ్లు పందిరికి కట్టిన పూలదండలను చూస్తారు గానీ పందిరిని మోస్తున్న రాటను ఎవరు చూస్తారు? ట్యూబాదీ అదే వరస. ద్వొర్జాక్ తొమ్మిదో సింఫనీలో ట్యూబాకు రెండో భాగంలో మాత్రమే పని, అదీ కాసిని స్వరాలే. మిగిలినంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. పేరున్న స్వరకర్త వాన్ విలియమ్స్ ట్యూబాను ముందు నిలబెట్టి కన్చెర్టో రాసేసరికి 1954 వచ్చింది.

అలాంటి వాద్యాన్ని కోరి నెత్తికెత్తుకున్న అభిమానులు మీరు. మీలో చాలామంది కథ స్కూలు బ్యాండులోనే మొదలవుతుంది. మాస్టారు క్లాసంతా కలియజూసి, కాస్త పొడుగ్గా, పుష్టిగా ఉన్న పిల్లవాడికి ట్యూబా అంటగడతారు. ఖరీదైన సరుకు కాబట్టి బడే అరువిస్తుంది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకూ బ్యాండు క్లాసు కొత్తేమీ కాదు. చదువు ముగిశాక వాద్యాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మీరు మరవలేదు. పగలంతా ఉద్యోగం చేసి, సాయంత్రం ఊరి బ్యాండు సాధనకు పరుగెత్తారు. జీతం లేదు, భత్యం లేదు. పైగా పెట్రోలు ఖర్చు మీదే.

డిసెంబరు చలిలో ఆరుబయట ఊదడమంటే మాటలా? బి ఫ్లాట్ ట్యూబాలో చుట్టలు చుట్టుకున్న గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 18 అడుగులుంటుంది. అంత పొడవునా గాలి చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. అందుకని స్లైడును కాస్త లోపలికి నెడతారు. చల్లటి లోహం పెదవికి తగిలితే జివ్వుమంటుంది గనక మౌత్‌పీస్‌ను అరచేతిలో దాచి వెచ్చజేస్తారు. వాల్వులు బిగుసుకోకుండా వేళ్లాడిస్తూ ఉంటారు. మధ్యమధ్య మీట నొక్కి, ఊపిరి తేమ చేరి గొట్టంలో పేరుకున్న నీటిని కిందికి వదులుతారు. వాద్యానికి తళుకు కాగితాలు, రంగురంగుల బుల్లి బల్బులు చుట్టడం మాత్రం మరిచిపోరు! ఏడాదంతా ఇతరుల పాటకు అడుగు కాసిన మీకు ఆ ఒక్కరోజు పాట కూడా మీదే.

అభినందనల్లో మీ ఇంటివాళ్లకూ వాటా ఉంది. గోడలదిరే మంద్రస్వరాలను ఏళ్ల తరబడి భరించారు, హాల్లో సగం చోటు ఆ ఇత్తడి చుట్టానికి వదిలేశారు. వాళ్లకో పెద్ద నమస్కారం.

మీ ఊపిరి నిండుగా, వాల్వులు జారుగా, నడుము నిటారుగా ఉండుగాక! షష్టిపూర్తి దాటినవాళ్లు సహస్ర పూర్ణచంద్ర దర్శనం దాకా ఊదుదురు గాక! ఒక్క కోరిక మాత్రం తీర్చండి. ఈసారి బ్యాండుకు వెళ్లేటప్పుడు కుర్రాణ్ణో అమ్మాయినో వెంటబెట్టుకెళ్లి పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. ఆ బిడ్డ మొదటిసారి మంద్రస్వరాన్ని వణక్కుండా పట్టి నిలిపిన రోజున మీకు రెండో వీరతాడు వేసే పూచీ మాది.