ఇసబెల్ కెర్

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను పేటలు కలవు. నేడవి నగరములో కలిసిపోయినవి. నాచారములో కార్మికుల కొఱకు పెద్ద ఆసుపత్రి కూడ నున్నది. ఇరువదవ శతాబ్దారంభమున అవి చెఱువుల క్రింద పైరు పండించుకొను పల్లెలు. అచట నెవరికైన జబ్బు ముదిరినచో, ఎడ్లబండిలో పరుండబెట్టి మూసీ యొడ్డున నున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి తీసికొని పోవలసినదే. రాజధాని చెంతనున్న పల్లెల స్థితియే యిట్లుండగా, నూరు మైళ్ళ కవతల నిజామాబాదు జిల్లాలోని మారుమూల గ్రామములలో రోగుల పాట్లు ఎట్టివో ఊహింపవచ్చును. అందును ఆ రోగము కుష్ఠు అయినచో చెప్పవలసిన దేమున్నది? నిజామాబాదునకు రైలుమార్గ మప్పటికే యుండెను గాని, కుష్ఠురోగిని తోడి ప్రయాణికులు దరి చేరనిత్తురా? బండివాడు బండి యెక్కనిచ్చునా?

అట్టివారికి వైద్యము చేయుటకు పూనుకొనిన వైద్యురాలు ఇసబెల్ కెర్. ఆమె 1875లో స్కాట్లండు దేశమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి, 1903లో పట్టము పొందెను. క్రైస్తవ మతబోధకుడైన జార్జి కెర్ ఆమె భర్త. దంపతులిరువురును 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, పిదప నిజామాబాదులో పని చేయసాగిరి.

ఆ ప్రాంతమున కుష్ఠురోగులు పెక్కుమంది యుండిరి. పల్లెలలో ఆ వ్యాధిని పేరు పెట్టి పిలుచుటకే జంకి, పెద్దరోగ మనెడివారు. అది పూర్వజన్మ పాపఫలమని నమ్మెడివారు. నిజమున కది యొక సూక్ష్మక్రిమి వలన కలుగు వ్యాధి. ఆ క్రిమిని 1873లో నార్వే దేశీయుడైన హాన్సెన్ కనుగొనెను. అది నరములను చెఱచుటచే చర్మమునకు స్పర్శ పోవును. పొయ్యి మీది కుండను పట్టినను చేయి కాలుట తెలియదు. కాలిలో ముల్లు విఱిగినను నొప్పి యుండదు. ఇట్లేర్పడిన పుండ్లు మానక, వ్రేళ్ళు కురచలై వికృతమగును. ఈ వ్యాధి అంత సులభముగ నంటుకొనునది కాదు. అయినను భయము మిక్కుటము. ఇంటివారు రోగిని దాచెడివారు. దాపఱికము సాగనపుడు ఊరి వెలుపలికి పంపివేసెడివారు.

ఇట్టివారు ఇసబెల్ వద్దకు వచ్చినపుడు వారిని ఇతర రోగుల నడుమ నుంచుట కామెకు వీలు కాలేదు. కాదని పంపివేయుటకును మనసొప్పలేదు. 1911లో వారికై నిజామాబాదులో చిన్న యేర్పాటు చేసిరి. వచ్చువారు హెచ్చుకొలది ఆ తావు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడు అను దాత పెద్ద మొత్తమును విరాళముగా నొసగెను. హిందువైన ఆయన క్రైస్తవ వైద్యశాలకు ధనమిచ్చుట ఆ కాలమున విశేషమే. పట్టణమునకు కొన్ని మైళ్ళ దూరమున డిచ్‌పల్లి వద్ద 1915లో కుష్ఠు చికిత్సాలయము వెలసెను. దానికి విక్టోరియా పేరు పెట్టిరి. కట్టడముల భారమును భర్త వహింపగా, వైద్యభారము ఇసబెల్‌పై బడెను.

వైద్యమనగా మొదట ఆమె చేయగలిగిన దెంత? పుండ్లు కడిగి కట్టు కట్టుట, అన్నము పెట్టుట, నీడ నిచ్చుట. రోగము కుదురునను ఆశ ఆమెకును లేదు, వారికిని లేదు. ఒక ఔషధము మాత్రము మన దేశమున ప్రాచీన కాలము నుండి తెలిసియుండెను. తెలుగున అడవిబాదమని పిలుచు చెట్టు గింజల నూనె యది. సుశ్రుత సంహితలో తువరకమను పేర దాని ప్రస్తావన కలదు. కాని లోనికి పుచ్చుకొనినచో కడుపులో త్రిప్పి వాంతులగుటచే, రోగులు నడుమనే మానివేయుచుండిరి. కలకత్తాలో లియొనార్డ్ రాజర్స్ మొదలగు వైద్యులు పరిశోధనలు చేసి, దానిని సూదిమందుగా నిచ్చు విధానమును వృద్ధి చేసిరి. ఇసబెల్ ఆ విధానమును డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టెను.

ఆ సూదిమందు బాధాకరమైనది. ఒకటి రెండు సూదులతో తీరునది కాదు; నెలల తరబడి, ఒక్కొకప్పుడు ఏండ్ల తరబడి పొడిపించుకొనవలెను. దూరపు పల్లె నుండి కుంటుచు నడచి వచ్చినవాడు మాటిమాటికి రాకపోకలు చేయగలడా? అందుచేత చికిత్స ముగియువరకు రోగులచటనే నివసించెడివారు. ఓపిక గలవారు పనిపాటలు చేసికొనెడివారు. ముదిరిన వ్యాధి కీ మందు అంతగా పని చేయలేదు. పోయిన వ్రేళ్ళను ఏ మందును తిరిగి తేజాలదు. తొలిదశలో వచ్చినవారిలో మాత్రము మేలు కనబడెను. ఒంటి మీది మచ్చలు తగ్గి యింటికి మరలిన మనిషిని ఊరివారు కన్నులార చూచినపుడు, దాగియున్నవారు తమంతట తామే బయలుదేఱిరి. వచ్చువారు మునుపటివలె చావునకు సిద్ధపడి వచ్చుట లేదు. నయము చేయించుకొని పోవలెనని వచ్చుచుండిరి. ఇసబెల్ సాధించినదానిలో ఇది గొప్పది.

1923లో ప్రభుత్వ మామెకు కైజర్-ఇ-హింద్ పతకము నొసగెను. తదుపరి తొమ్మిదేండ్లును ఆమె ఆ రోగుల సేవలోనే గడపి, 1932లో మరణించెను. ఆమె వాడిన నూనె కంటె ఎన్నో రెట్లు శక్తిగల సల్ఫోను మందులు 1940 దశకమున వచ్చినవి. వానిని చూచు భాగ్య మామెకు కలుగలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను నిర్ణయించెను. దానితో ఆరు నెలలకో, ఏడాదికో వ్యాధి నయమగును. రోగి ఇల్లు విడిచి ఆసుపత్రిలో కాపురముండ నక్కఱలేదు; ఆ మాత్రలను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగ నిచ్చుచున్నారు.