ద్రాక్షతోట చెప్పిన సాక్ష్యము

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల ఎఱ్ఱ నేలలలో ఒకప్పుడు ద్రాక్షపందిళ్లు బారులు తీరి యుండెడివి. 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ అను నాతడు పశ్చిమాసియానుండి తెప్పించి హైదరాబాదులో నాటిన అనాబ్-ఎ-షాహీ తీగ కాలక్రమమున ఈ పల్లెలకును ప్రాకి, ఫాల్గుణ మాసమునాటికి బరువైన గుత్తులతో రైతు ఇంట సిరులు కురిపించెను. భూగర్భజలము అడుగంటుటచేతను, నగరము పెరిగి వచ్చుటచేతను ఆ తోటలలో పెక్కు నేడు ఇండ్ల స్థలములైనవి. అయినను ఆ పందిళ్ల క్రింద నిలిచి పండు కోసినవారికి ఒక సంగతి జ్ఞాపక ముండును. పండిన ద్రాక్షపై పలుచని తెల్లని పూత కనబడును. వ్రేలితో తుడిచిన పోవును. అది పండు తనంత తాను తొడిగికొనిన మైనపు పొర. దాని నంటిపెట్టుకొని కంటికి కానరాని జీవులు నివసించును. రసమును పులియించి ఆసవముగా మార్చు శక్తి పండులో నున్నదా, పండును వెలుపలనుండి ఆశ్రయించిన జీవిలో నున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము రాబట్టుటకై ఒక శాస్త్రజ్ఞుడు తన సొంత ద్రాక్షతోటలో అద్దపు ఇండ్లు నిలిపి, పండ్లు పండువరకు వేచియుండెను. ఆయన లూయీ పాశ్చరు.

పిచ్చికుక్క కాటునకు విరుగుడు కనుగొన్న మహనీయుడుగా పాశ్చరు పేరు మన బాలుర కందఱకు తెలియును. కాని ఆయన జీవితము ద్రాక్షతీగతో ఎంతగా పెనవేసికొని యున్నదో తెలిసినవారు తక్కువ.

ఫ్రాన్సు దేశమున జూరా పర్వత ప్రాంతమందలి డోల్ పట్టణములో 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన పాశ్చరు జన్మించెను. తండ్రి నెపోలియను సైన్యమున పనిచేసి వచ్చి, తోళ్లు పదును చేయు వృత్తితో కుటుంబమును పోషించుచుండెను. లూయీ పసితనముననే ఆ కుటుంబము ఆర్బ్వా అను చిన్న పట్టణమునకు చేరెను. ఆ ఊరికి నలుదిక్కుల కొండవాలులపై ద్రాక్షతోటలు. ప్రతి యింట ద్రాక్షారసపు పీపాలు. బాలుడు చదువులో మెఱుపువంటివాడు కాడు. రంగు సుద్దలతో తల్లిదండ్రుల రూపములను, ఇరుగుపొరుగువారి రూపములను చక్కగా చిత్రించెడివాడు. పదునాఱవ యేట చదువుకొఱకు పారిసు నగరమునకు పోయి, ఇంటిపై బెంగతో కొలది వారములకే తిరిగి వచ్చెను. తండ్రి కోపగింపలేదు. తరువాత మఱల ప్రయత్నించి, 1843లో పారిసునందలి ప్రసిద్ధ ఉపాధ్యాయ విద్యాలయమగు ఎకోల్ నార్మాల్‌లో ప్రవేశించెను.

ఆయన తొలి ఆవిష్కరణమునకును ద్రాక్షయే మూలము. ద్రాక్షారసము నిలువయుండు పీపాల లోపలి గోడలపై గట్టి పెచ్చు కట్టును. దానినుండి టార్టారికామ్లము లభించును. మన చింతపండునకు పులుపు నిచ్చునదియు ఈ ఆమ్లమే. దీని లవణపు ద్రావణము కాంతి కిరణమును ఒక ప్రక్కకు త్రిప్పును. కాని కూర్పులో దానినే పోలిన మఱియొక ఆమ్లపు లవణము త్రిప్పదు. కారణము ఎవరికిని అంతుపట్టలేదు. 1848లో, తన యిరువదియైదవ యేట, పాశ్చరు ఆ రెండవ లవణపు స్ఫటికములను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వానిలో రెండు జాతు లున్నవనియు, అవి కుడిచేయి ఎడమచేయివలె ఒకదాని కొకటి అద్దపు ప్రతిబింబము లనియు కనుగొనెను. చిన్న పటకారుతో వానిని ఒక్కొక్కటిగా ఏఱి వేఱుచేసి కరగించి చూడగా, ఒక జాతి కాంతిని కుడికి, రెండవది ఎడమకు త్రిప్పెను. కలసియున్నప్పుడు ఒకదాని పనిని మఱియొకటి రద్దు చేయుచుండెను. వృద్ధ శాస్త్రవేత్త బియో నమ్మక, తన యెదుట మఱల చేసి చూపుమని కోరెను, చూచి కదలిపోయెను. నాటినుండి ఆయన పాశ్చరునకు పితృతుల్యుడయ్యెను.

1854లో పాశ్చరు లీల్ నగరమున శాస్త్రవిభాగమునకు అధిపతి యయ్యెను. రెండేండ్లకు బీటుదుంపలనుండి సారాయి తీయు ఒక వ్యాపారి వచ్చి, తన తొట్లలో కొన్ని చెడిపోవుచున్నవని మొఱపెట్టుకొనెను. మంచి తొట్టిలోని బొట్టును సూక్ష్మదర్శినిలో చూడగా గుండ్రని ఈస్టు కణములు కనబడెను. చెడిన తొట్టిలో వానికి మాఱుగా సన్నని పుల్లలవంటి జీవులు కదలాడుచుండెను. ఈస్టు సజీవమని అంతకు ఇరువదేండ్లక్రిందటనే కాన్యార్ ద లతూర్, ష్వాన్ అను శాస్త్రజ్ఞులు చెప్పియుండిరి. కాని జర్మనీలోని మహారసాయనజ్ఞుడు లీబిగ్ అది కేవలము కుళ్లుటవలన కలుగు రసాయన చర్య యని కొట్టివేసెను. పాశ్చరు 1857 మొదలుకొని వరుసగా చేసిన ప్రయోగములతో, ఒక్కొక్క విధమైన పులియుటకు ఒక్కొక్క జీవి కారణమని స్థాపించెను.

ఈ చర్య మన పల్లెలకు క్రొత్తది కాదు. రాత్రి ఈతచెట్టునకు కట్టిన లొట్టిలో తీయని రసము దిగును. తెల్లవాఱి ఎండ ఎక్కినకొలది అది నురుగులు గ్రక్కును. లోపలికి సున్నము పూసిన లొట్టిలో మాత్రము నీరా తీయగనే నిలుచును. సున్నపు క్షారము ఆ జీవులను పెరుగనీయదు. ఈస్టు చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు గాలిని పుట్టించును. నోరు తెఱచియున్న కుండలో ఆ గాలి నురుగై పోవును. బిరడా బిగించిన సీసాలో మఱియొకమాఱు పులియించినచో, పోవుటకు దారిలేక రసములోనే కరగియుండి, మూత తీసినంతనే సన్నని బుడగలై పైకి లేచును. ఫ్రాన్సువారి నురుగు ద్రాక్షాసవముల రహస్య మింతియే. షాంపేన్ సీమలోని వృత్తికారులు అనుభవముచేత తరతరములుగా ఈ పని చేయుచుండిరి. లెక్క తప్పి సీసాలు పగులుటయు వారికి అలవాటే. ఆ సీసాలోపల పనిచేయు జీవి స్వభావమును శాస్త్రముగా నిరూపించినవాడు పాశ్చరు.

1863లో చక్రవర్తి మూడవ నెపోలియను, దేశపు ద్రాక్షాసవములు చెడిపోవుటకు కారణము వెదకుమని పాశ్చరును కోరెను. ఆయన స్వగ్రామమునకు తిరిగి వచ్చి, ఒక పాత కాఫీశాలలో ప్రయోగశాల నెలకొల్పెను. ఊరి వడ్రంగియు కమ్మరియు పరికరములు చేసియిచ్చిరి. ఒక్కొక్క చెడు రుచికి ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని తేలెను. గాలి సోకకుండ 50 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడి చేసినచో ఆ జీవులు నశించునని ఆయన కనుగొనెను. 1865లో ఈ పద్ధతికి పేటెంటు పొందియు, లాభమునకు వాడుకొనక, లోకమునకు విడిచిపెట్టెను. తరువాతివారు దానినే పాలకు వర్తింపజేసిరి. నేడు పాల పొట్లముపై కనబడు పాశ్చరైజు అను మాట ఆయన పేరే.

ఈ విజయములకు వెనుక ఇంట చీకట్లు క్రమ్ముచుండెను. 1859లో పెద్ద కుమార్తె మరణించెను. 1865లో తండ్రియు, రెండేండ్ల పసికూనయు, 1866లో పండ్రెండేండ్ల మఱియొక కుమార్తెయు కన్నుమూసిరి. ఆ యేండ్లలోనే ఆయన దక్షిణ ఫ్రాన్సున పట్టుపురుగుల తెగుళ్లను పరిశోధించుచుండెను. 1868 అక్టోబరులో పక్షవాతము వచ్చి ఎడమ కాలుసేతులు పడిపోయెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియైదు మాత్రమే. కొంత కోలుకొని, కుంటుచునే పనికి మరలెను.

1878లో అసలు పరీక్ష వచ్చెను. ఆ ఫిబ్రవరిలో మహాశరీరశాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ మరణించెను. ఆయన పాశ్చరునకు ఆప్తమిత్రుడు. జూలైలో రసాయనజ్ఞుడు బెర్తెలో, బెర్నార్ కాగితములలో దొరికిన కొన్ని వ్రాతలను ప్రకటించెను. ఈస్టు లేకుండగనే ద్రాక్షరసమునుండి మద్యసారము పుట్టగలదని వానియందు కలదు. పాశ్చరు ఇరువదేండ్ల కృషికి ఇది గొడ్డలిపెట్టు. చెప్పినవాడు బ్రతికియున్నచో వాదింపవచ్చును. మరణించిన మిత్రునితో వాదించు టెట్లు? మౌనము వహించిన, సత్యమునకు లోపము. మాటలతో ఖండించిన, స్నేహమునకు లోపము. పాశ్చరు తీర్పును ద్రాక్షతీగకు విడిచెను.

ఆర్బ్వా సమీపమున ఆయనకు చిన్న ద్రాక్షతోట యుండెను. ఆగస్టు మొదటి దినములలో, కాయలింకను పచ్చిగా నుండగా, ఆయన అద్దపు ఇండ్లు చేయించి తెచ్చి కొన్ని తీగలపై నిలిపెను. ఈస్టు బీజములు గాలిలో ఎల్లప్పుడు నుండవనియు, పండు పక్వమగు కాలముననే తొక్కపై చేరుననియు ఆయన యూహ. లోపలి గుత్తులలో కొన్నింటికి, వేడిచేసి శుద్ధిచేసిన దూదిని చుట్టెను. ఊహ తప్పినచో, ఆయన తోటయే ఆయనకు ప్రతికూలముగా సాక్ష్యమిచ్చును.

అక్టోబరులో పండ్లు పండెను. బయటి పండ్లను చిదిపి, గొట్టములలో పోసి వెచ్చగా నుంచగా రెండు దినములలోపల రసము పొంగెను. దూది చుట్టిన గుత్తుల రసము ఎన్ని దినములైనను పొంగలేదు. అంతటితో ఆయన తృప్తి చెందలేదు. అద్దపుటింటి గుత్తులను కొన్నింటిని దూది విప్పి, బయటి తీగలపై వ్రేలాడదీసెను. అట్లు ఆరుబయట నున్న పండ్ల రసము తరువాత పులిసెను. పండులో లోప మేమియు లేదు. దానికి రావలసిన అతిథి రాలేదు, అంతియే. పాశ్చరు భార్యయు కుమార్తెయు ఆ గుత్తులు నలగకుండ రైలుబండిలో చేతులతో నిటారుగా పట్టుకొని పారిసు చేర్చిరి. ఆయన వానిని శాస్త్రపరిషత్తు ముందుంచి, ఎవరైనను పరీక్షింపవచ్చునని అందించెను. 1879లో ఈ వివరములన్నియు గ్రంథముగా ప్రకటించెను.

తరువాతి కథ సుప్రసిద్ధము. 1881లో గొఱ్ఱెల దొమ్మరోగమునకు టీకా వేసి బహిరంగముగా నెగ్గెను. అచ్చట వాడిన మందు తయారైన విధమును ఆయన దాచెనని, ఆయన నోటుపుస్తకములు వెలువడిన పిదప తెలిసినది. అది ఆయన చరిత్రలో ఒక మచ్చ. ఆ మచ్చ ప్రక్కన పెట్టి చూచినప్పుడే ద్రాక్షతోట ప్రయోగములోని నిష్కాపట్యము మఱింత స్పష్టమగును. 1885 జూలైలో పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేయించెను, బాలుడు బ్రతికెను. ప్రజల చందాలతో నిర్మితమైన పాశ్చర్ సంస్థ 1888లో పారిసున ఆరంభమయ్యెను. ఆ సంస్థలో పనిచేసిన హాఫ్‌కిన్ తరువాత మన దేశమునకు వచ్చి కలరాకు, ప్లేగునకు టీకాలు వేసెను. 1907లో కూనూరునందు పాశ్చర్ సంస్థ వెలసెను. 1895 సెప్టెంబరు 28న పాశ్చరు పరమపదించెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు బుఖ్నర్ ఈస్టు కణములను నూఱి, జీవములేని ఆ రసముతోనే చక్కెరను పులియించి చూపెను. కణము చేయు పనికి లోపలి ఎంజైములు సాధనములని తేలెను. కరగియుండు ఒక పదార్థము పని చేయునన్న బెర్నార్ యూహలో కొంత సత్య మున్నది. ఆ పదార్థము ఈస్టునుండియే వచ్చునను పాశ్చరు మాటయు చెక్కుచెదరలేదు. మిత్రు లిద్దఱును కొంత కొంత గెలిచిరి. 2012లో ఇటలీ శాస్త్రజ్ఞులు, కందిరీగలు తమ కడుపులో ఈస్టును చలికాలమంతయు కాపాడి, మఱల ద్రాక్షపండ్లకు చేర్చునని కనుగొనిరి. పండ్లు పక్వమగువేళకు ఆ అతిథి ఎచ్చటినుండి వచ్చునను ప్రశ్నకు ఇది ఒక సమాధానము.

పాశ్చరు తోట నేటికిని ఉన్నది. ఆ జూరా కొండలలోని చిన్న రైతులలో పలువురు ఇప్పుడు రసాయనిక మందులు వాడక తీగలు పెంచి, కొన్న ఈస్టు కలుపక, తమ తోట పండ్లతో వచ్చిన జీవులనే నమ్మి ఆసవము చేయుచున్నారు. వారిలో కొందఱు నురుగు ఆసవమునకు సీసాలోపలనే రెండవ పులియుటను జరిపింతురు. త్రాగుట మంచిదా కాదా యను విచారము వేఱు. తన తోటలోని కానరాని జీవులను పోషించుట కూడ వ్యవసాయమే యని ఆ రైతు లెఱుగుదురు. ఆ యెఱుక 1878నాటి అద్దపుటింటినుండి వచ్చినదే.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలో పందిళ్లు తగ్గినవి. మిగిలిన తోటలలో ఫాల్గుణమున గుత్తులు నేటికిని పండుచున్నవి, వానిపై ఆ తెల్లని పూతయు ఉన్నది. ఉపాధ్యాయుడు పిల్లలను ఒకనాడు అచ్చటికి తీసికొనిపోయి, ఒక పండును వారి చేతికిచ్చి, తుడువకముందు చూడుమని చెప్పినచో, పాశ్చరు జీవితచరిత్రలోని ముఖ్యమైన పుట వారి అఱచేతిలోనే యుండును.