టి.నగర్‌లో ‘టి’ ఎవరు?
నలభై ఏళ్లు కౌన్సిలర్.. ప్రథమ మంత్రి పదవిని వద్దన్న చేనేత బిడ్డ పిట్టి త్యాగరాయ చెట్టి

పెళ్లి కుదిరితే చాలు, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి కార్లు మాట్లాడుకుని మరీ చెన్నై టి.నగర్‌కు వస్తారు. పట్టుచీరలు, నగలు, పందిట్లోకి కావలసిన సరంజామా అంతా అక్కడే. ఒకప్పుడు తిరుమల వెంకన్న దర్శనం చేసుకుని, అటు నుంచి అటే బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడిన జనానికి లెక్కే లేదు. ఇన్ని లక్షల మంది తొక్కిన ఆ పేట పేరులోని ‘టి’ అక్షరం వెనక ఉన్నది ఓ తెలుగు మనిషి అని మనలో ఎంతమందికి తెలుసు? ఆయనే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. త్యాగరాయనగరే వాడుకలో అరిగి అరిగి టి.నగర్ అయింది.

మగ్గం పక్కన పెరిగినవాడు

త్యాగరాయ 1852 ఏప్రిల్ 27న ఉత్తర మద్రాసులోని కొరుక్కుపేటలో పుట్టారు. తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబం. తరతరాలుగా నేతే వృత్తి. ఆ చుట్టుపక్కల వాషర్‌మన్‌పేట, తండయార్‌పేట వీధుల్లో అప్పట్లో మగ్గం చప్పుడు వినిపించని పూట ఉండేది కాదు. ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి 1876లో బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో పట్టా చేతికొస్తే సర్కారు కొలువుకో, కోర్టుకో పోవడం రివాజు. ఆయన మాత్రం ఇంటి వృత్తిని వదల్లేదు. దాదాపు వంద మగ్గాలతో నేత కార్ఖానా నడిపారు. తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే కొత్త రకం మగ్గాన్ని నేతగాళ్లకు అలవాటు చేయాలని తపించారు. 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలి పెట్టిన వారిలో ఆయనొకరు. చాలా ఏళ్లు దానికి అధ్యక్షుడు కూడా.

బట్ట నేసినవాడికి బట్ట మీద ఓ పట్టింపు ఉంటుందేమో. ఎంత పెద్ద సభకైనా ఆయన తెల్లటి దుస్తుల్లోనే వెళ్లేవారు. తమిళులు ముచ్చటపడి ‘వెళ్లుడై వేందర్’ అని పేరు పెట్టుకున్నారు. తెల్లబట్టల రాజు అని అర్థం.

కౌన్సిలే కార్యక్షేత్రం

మద్రాసు కార్పొరేషన్ 1688లో ఏర్పడింది. దేశంలో అంతకంటే పాత పురపాలక సంస్థ లేదు. త్యాగరాయ 1882 ప్రాంతంలో అందులో అడుగుపెట్టి, దాదాపు నలభై ఏళ్లు కౌన్సిలర్‌గా ఉన్నారు. కుళాయి నీళ్లు, మురుగు కాలువ, వీధి దీపం, బడి, ఇంటి పన్ను.. ఇవే అక్కడి చర్చలు. వినడానికి చప్పగా ఉంటాయి కానీ, మనిషి పొద్దున లేచింది మొదలు అతని బతుకు ముడిపడి ఉండేది వీటితోనే.

ఆయన కౌన్సిల్‌లో ఉన్న తొలినాళ్లలోనే ఓ పెద్ద పని జరిగింది. నగరానికి సొంతంగా సభామందిరం కావాలని పెద్దలు ముందుకొస్తే కార్పొరేషన్ తన స్థలాన్ని 99 ఏళ్ల లీజుకిచ్చింది. అక్కడ లేచిందే సెంట్రల్ స్టేషన్ పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు. స్థలం ఇవ్వడం కాగితం మీద చిన్న తీర్మానమే. ఫలితం మాత్రం చిన్నది కాదు. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల సరస వినోదిని సభ వచ్చి మద్రాసులో తెలుగు నాటకాలు ఆడింది. వాటిని చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ మనసు నాటకం మీదికి మళ్లింది. అదే ఏడు ఆయన సుగుణ విలాస సభ స్థాపించారు. ఆధునిక తమిళ నాటకానికి అదే పునాది. ఆ సభ నాటకాలకు విక్టోరియా హాలే వేదికైంది. బళ్లారి తెలుగువాళ్ల నాటకం తమిళ రంగస్థలాన్ని కదిలించిందంటే, ఊళ్లో అందరూ కూర్చునే ఒక చోటు ఉండటం ఎంత అవసరమో అర్థమవుతుంది.

పదవి వచ్చినా వద్దన్నారు

త్యాగరాయ మొదట కాంగ్రెస్ వాది. కౌన్సిల్‌లో డాక్టర్ టి.ఎం.నాయర్‌తో ఆయనకు పడేది కాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన ఘనత డాక్టర్ సి.నటేశ మొదలియార్‌ది. 1916 నవంబరులో ఈ ముగ్గురి పూనికతో దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య పుట్టింది. చదువులో, ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు వాటా దక్కాలన్నది దాని పట్టు. దాని ఇంగ్లిష్ పత్రిక ‘జస్టిస్’. ఆ పత్రిక పేరే పార్టీకీ స్థిరపడిపోయింది. తెలుగులో ‘ఆంధ్ర ప్రకాశిక’, తమిళంలో ‘ద్రావిడన్’ ఆ పార్టీ వాణి వినిపించాయి.

1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. ఎన్నికతో నింపే 98 స్థానాల్లో జస్టిస్ పార్టీకి 63 దక్కాయి. గవర్నర్ విల్లింగ్డన్ పిలిచింది త్యాగరాయనే. ప్రథమ మంత్రి అంటే నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆయన వద్దన్నారు. కడలూరుకు చెందిన సుబ్బరాయలు రెడ్డియార్‌ను ముందుకు పెట్టారు. ఆ తర్వాత పానగల్ రాజా వచ్చారు. త్యాగరాయ మాత్రం కార్పొరేషన్ మెట్లు దిగలేదు. 1919 చట్టం వచ్చాక మద్రాసు కార్పొరేషన్‌కు తొలి అనధికార అధ్యక్షుడు ఆయనే. అంతవరకూ ఆ కుర్చీ ప్రభుత్వ అధికారులదే.

ఒక్క అణా ఫలహారం

ఆయన పేరు నిలబెట్టిన తీర్మానం 1920 సెప్టెంబరు 16న వచ్చింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలు నిలవడం లేదు. కారణం వెతకడానికి పెద్ద విచారణేమీ అక్కర్లేదు. అంతా పేదింటి పిల్లలు. మధ్యాహ్నానికి కడుపు కాలుతుంటే పలక మీద అక్షరం కనపడదు. ఆ పిల్లలకు బడిలోనే ఫలహారం పెట్టాలని, తలకు రోజుకు అణాకు మించకుండా ఖర్చు చేయాలని కౌన్సిల్ తీర్మానించింది. రూపాయికి పదహారు అణాలు. అంటే ఒక్క రూపాయితో పదహారు మంది పిల్లల ఆకలి తీరుతుందన్నమాట.

పథకం మరో నాలుగు బడులకు పాకింది. 1922-23లో ఈ అయిదు బడుల్లో కలిపి 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు! అంతలో సర్కారు అడ్డం తిరిగింది. ప్రాథమిక విద్యా నిధి డబ్బును తిండికి ఖర్చు పెట్టడం కుదరదంది. 1925 ఏప్రిల్ 1 నుంచి పొయ్యి ఆరిపోయింది. బడుల్లో పిల్లలూ తగ్గిపోయారు. అదే ఏడు త్యాగరాయ కన్నుమూశారు. మళ్లీ పొయ్యి వెలగడానికి రెండేళ్లు పట్టింది. ఈసారి 25 బడుల్లో వెయ్యి మంది దాకా పేద పిల్లలకు అన్నం దొరికింది. పద్దుల పుస్తకంలో ఒక గీత గీస్తే పిల్లలు బడి మానేస్తారని, ఆ గీత చెరిపితే తిరిగొస్తారని ఆ అయిదారేళ్లు రుజువు చేశాయి.

తర్వాతి కథ తెలిసిందే. 1950లలో కామరాజ్ మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతా తెచ్చారు. 1982లో ఎం.జి.ఆర్. పౌష్టికాహార పథకం వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక దేశంలోని సర్కారు బడులన్నింటికీ వండిన అన్నం చేరింది. 2022లో తమిళనాడు బడుల్లో ఉదయం ఫలహారమూ మొదలైంది. తొలి ముద్ద మాత్రం ఓ పురపాలక సంస్థ పెట్టిందే.

చెరువు పోయి పేట వచ్చింది

నగరం పెరిగేకొద్దీ ఇళ్లకు చోటు చాలలేదు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. మౌంట్ రోడ్డుకు పడమరగా పరుచుకున్న పొడవాటి చెరువు నేలను చదును చేసి, మాంబళం వైపు 1923-25 మధ్య కొత్త పేటకు రూపమిచ్చారు. నడుమ పార్కు, చుట్టూ రోడ్లు. పేటకు త్యాగరాయ పేరు పెట్టారు. పార్కుకు పానగల్ రాజా పేరు, ఓ రోడ్డుకు డాక్టర్ నాయర్ పేరు, మరో పార్కుకు నటేశన్ పేరు దక్కాయి. పాండీ బజారుగా అందరికీ తెలిసిన వీధి అసలు పేరు త్యాగరాయ రోడ్డే. కౌన్సిల్‌లో ఒకరినొకరు ఢీకొన్న ఇద్దరూ ఇప్పుడు ఒకే పేటలో ఇరుగు పొరుగు!

అయితే ఈ కథకు రెండో వైపూ ఉంది. చెరువు పూడితే నీళ్లు దారి మరిచిపోవు. 2021 నవంబరు వానలకు టి.నగర్ వీధులు మునిగినప్పుడు చెన్నైకి ఆ పాత చెరువు గుర్తుకొచ్చింది. త్యాగరాయ నడిపిన పార్టీ మీదా మచ్చ లేకపోలేదు. 1921లో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల సమ్మె వేళ పులియాంతోపులో ఆది ద్రావిడుల ఇళ్లు తగలబడ్డాయి. ఆ కష్టంలో జస్టిస్ పార్టీ తమ పక్షాన నిలవలేదని ఎం.సి.రాజా నొచ్చుకుని 1923లో బయటికి నడిచారు. అందరికీ వాటా అన్న పార్టీకి అట్టడుగు వాడ దూరమైంది. ఆకలిని కనిపెట్టిన పెద్దల చూపు ఆ గుడిసెల దాకా పోలేదన్న మాట నేటికీ మిగిలే ఉంది.

మిగిలినవి

రిప్పన్ భవనం ముందు ఆయన విగ్రహం ఉంది. వాషర్‌మన్‌పేటలో ఆయన పేరిట కళాశాల ఉంది. టి.నగర్‌లో సభలు, కచేరీలు జరిగే హాలుకూ ఆయన పేరే. వీటన్నింటికంటే పెద్ద గుర్తు మాత్రం మధ్యాహ్నం బడి గంట కొట్టగానే పళ్లెం పట్టుకుని వరసలో నిలబడే పిల్లలే. మంత్రి కుర్చీని కాదన్న మనిషిని, అణా ఫలహారం ఇన్నేళ్లుగా బతికిస్తోంది. ఈసారి పట్టుచీరల సంచులతో పానగల్ పార్కు పక్కన బస్సు కోసం నిలబడినప్పుడు, పేట పేరును ఒక్కసారి పూర్తిగా పలికితే చాలు. త్యాగరాయ మనకు మళ్లీ పరిచయమవుతారు.