యోహాన్ విల్హెల్మ్ మైగెన్

యోహాన్ విల్హెల్మ్ మైగెన్ (మే 3, 1764 - జూలై 11, 1845) జర్మనీకి చెందిన ప్రముఖ కీటక శాస్త్రవేత్త. ఈగలు, దోమల వంటి రెండు రెక్కల కీటకాల వర్గమైన డిప్టెరాపై ఈయన చేసిన కృషి ఆ శాస్త్రశాఖకు పునాది వేసింది.

జీవితం

మైగెన్ జోలింగెన్ పట్టణములో ఒక సామాన్య కుటుంబములో జన్మించాడు. విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం ఈయనకు కలుగలేదు. ఆఖెన్ సమీపంలోని స్టోల్‌బెర్గ్‌లో స్థిరపడి, ఫ్రెంచి భాష, సంగీతం నేర్పుతూ జీవించాడు. తీరిక వేళల్లో కీటకాలను సేకరించి, వాటి చిత్రాలను స్వయంగా గీసేవాడు.

పరిశోధనలు

లిన్నేయస్ 1758లో ఈ కీటకాలన్నిటినీ 10 ప్రజాతులుగా మాత్రమే విభజించాడు. ఫాబ్రిసియస్ ముఖభాగాలను ప్రధానంగా ఆధారం చేసుకున్నాడు. కాని చిన్న ఈగలలో ముఖభాగాలను పరిశీలించడం చాలా కష్టం. మైగెన్ రెక్కలలోని ఈనెల అమరికను, స్పర్శశృంగాల ఆకారాన్ని కూడా ప్రాతిపదికగా తీసుకున్నాడు. 1818 - 1838 మధ్య ఐరోపా డిప్టెరాపై 7 సంపుటాల గ్రంథాన్ని వెలువరించాడు. దోమలలో అనాఫిలిస్, ఏడిస్ ప్రజాతులకు 1818లో పేర్లు పెట్టినది ఈయనే. 1897లో రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది అనాఫిలిస్ దోమలోనే. జన్యుశాస్త్రములో ప్రసిద్ధి చెందిన పండ్ల ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌ను 1830లో వర్ణించినదీ ఈయనే.

పేర్ల వివాదం

మైగెన్ 1800లో ప్రచురించిన చిన్న పుస్తకములోని ప్రజాతి పేర్లను 1803లో తానే చాలావరకు మార్చివేశాడు. 1908లో హెండెల్ ఆ పాత పేర్లను వెలికితీయడంతో, ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నియమం వలన ఒకే ఈగకు రెండేసి పేర్లు వాడుకలోకి వచ్చాయి. చివరకు 1963లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం 1800 నాటి పేర్లను రద్దు చేసింది.

నేటి ప్రాధాన్యత

ఆరుబయట తీసిన ఛాయాచిత్రాలలో ఈగలను గుర్తించేవారికి రెక్కల ఈనెలు నేటికీ ముఖ్యమైన ఆధారం. రెక్క స్పష్టంగా కనిపిస్తే కుటుంబాన్ని, కొన్నిసార్లు ప్రజాతిని కూడా నిర్ణయించవచ్చు. అయితే జాతిని నిర్ణయించడానికి అనేక చిన్న ఈగల విషయంలో ఇది చాలదు. ఉదాహరణకు మెలనోగాస్టర్, సిమ్యులాన్స్ జాతుల ఆడ ఈగలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. మగ ఈగల జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి ఈ రెండింటిని వేరుచేస్తారు. అందువలన ఛాయాచిత్రంతో పాటు ఒక నమూనాను భద్రపరచడం అవసరం.

మైగెన్ సేకరించిన కీటకాలు, గీసిన చిత్రాలు పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర సంగ్రహశాలకు చేరాయి. ఈయన స్టోల్‌బెర్గ్‌లో మరణించాడు.