సి.కె.నాయుడు

కొట్టారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. సి.కె.నాయుడుగా ప్రసిద్ధుడైన ఇతడు భారీ సిక్సర్లకు పేరుపొందాడు. జట్టు నాయకత్వం రాజవంశీకులకే దక్కుతున్న కాలంలో ఆటలోని ప్రతిభతోనే ఆ స్థానాన్ని పొందడం ఇతని విశిష్టత.

బాల్యం
నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. వీరి పూర్వీకులు మచిలీపట్నం నుండి అక్కడకు వలస వెళ్ళారు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా భారతదేశం తరఫున టెస్టులు ఆడాడు.

క్రీడాజీవితం
1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై తొలి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడాడు. మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాలుగవ బంతిని సిక్సర్‌గా మలచాడు. 1923లో హోల్కర్ సంస్థానాధీశుని ఆహ్వానంపై ఇండోర్ చేరి, ఆ సంస్థాన సైన్యంలో పదవి పొందాడు.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారతదేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో ఆ జట్టు చేసిన 363 పరుగులకు జవాబుగా హిందూ జట్టు ఆడినపుడు, నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. ఒక సిక్సర్ జింఖానా భవనం పైకప్పు మీద పడింది. ఎం.సి.సి. ఇతనికి వెండి బ్యాట్‌ను బహూకరించింది. భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకాన్ని ఈ ఇన్నింగ్స్ బలపరచింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

టెస్ట్ నాయకత్వం
1932 ఇంగ్లాండు పర్యటనకు పోరుబందరు మహారాజు కెప్టెన్. తన ఆట ఆ స్థాయికి చాలదని గ్రహించి ఆయన తప్పుకున్నాడు. ఉపనాయకుడైన లింబ్డి యువరాజు గాయపడ్డాడు. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్ మైదానంలో మొదలైన భారత తొలి టెస్టుకు నాయుడు కెప్టెన్ అయ్యాడు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేసి, మొదటి ఇన్నింగ్స్‌లో భారత జట్టు తరఫున అత్యధిక స్కోరు సాధించాడు. ఇంగ్లాండు 158 పరుగుల తేడాతో గెలిచింది. ఆ పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిన నాయుడును 1933లో విజ్డెన్ ఉత్తమ క్రికెటర్లలో ఒకనిగా ఎంపిక చేసింది.

1933-34లో స్వదేశంలో జరిగిన మూడు టెస్టులకూ ఇతడే కెప్టెన్. అయినా 1936లో ఇంగ్లాండు వెళ్ళిన జట్టు నాయకత్వం విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. ఆయన మూడు టెస్టులలో 33 పరుగులు మాత్రమే చేశాడు. ఆయన కింద సాధారణ ఆటగాడిగా ఆడిన నాయుడు, ఓవల్‌లో జరిగిన తన చివరి టెస్టులో బంతి దెబ్బను ఓర్చుకొని 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఇతని అత్యధిక స్కోరు ఇదే. మొత్తం 7 టెస్టులలో 350 పరుగులు చేశాడు.

చివరి దశ
నాయుడు కెప్టెన్‌గా హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. 1953-54లో రంజీ పోటీలలో ప్రవేశించిన ఆంధ్ర జట్టుకు కూడా ఇతడు నాయకత్వం వహించాడు. 1956-57లో, 61 ఏళ్ళు నిండిన తరువాత, ఉత్తర ప్రదేశ్ తరఫున తన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశాడు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1967లో ఇండోర్‌లో మరణించాడు. భారత క్రికెట్ నియంత్రణ మండలి జీవితకాల సాఫల్య పురస్కారానికి ఇతని పేరే పెట్టారు.