థామస్ ఆల్వా ఎడిసన్

ఎడిసన్ పేరు వినగానే విద్యుద్దీపము జ్ఞప్తికి వచ్చుట లోకసహజము. కాని ఆ దీపము మన యిండ్లలో నిర్భయముగా వెలుగుటకు ఆయన పడిన పాటు పలువురెరుగరు. వెలుగునిచ్చునదియు, ఇల్లు కాల్చునదియు ఒకే శక్తియని ఆయన తొలుతనే గ్రహించెను.

ఎడిసన్ 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందు మిలాన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన పాఠశాలలో గడిపినది స్వల్పకాలమే. తల్లి నాన్సీ ఇంటనే చదువు చెప్పెను. పండ్రెండవ యేటనే రైలుబండిలో వార్తాపత్రికలును మిఠాయిలును అమ్మెను. బండి డెట్రాయిట్ నగరమున నిలిచిన వేళలలో అచటి గ్రంథాలయమునకు పోయి చదువుకొనెను. చెవుడు వచ్చినను క్రుంగక తంతి పని నేర్చెను. 1876లో మెన్లోపార్కునందు పరిశోధనాలయము నెలకొల్పెను. 1877లో ఫోనోగ్రాఫును, 1879లో గంటలకొలది వెలుగు దీపమును అచట పుట్టినవి.

దీపము పుట్టిన పిదప అసలు చిక్కు మొదలయ్యెను. ప్రతి తీగకును మోయగల బరువు కొంత కలదు. దానిని మించి విద్యుత్తు ప్రవహించినచో తీగ వేడెక్కును. పైతొడుగు చెడి రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో, అడ్డులేని ప్రవాహము క్షణములో నిప్పు రేపును. దీనికి విరుగుడుగా ఎడిసన్ తీగ నడుమ సులభముగా కరుగు చిన్న లోహపు తునకను అమర్చెను. ప్రవాహము హద్దు మీరగానే అది ముందుగా కరిగి మార్గమును తెంచును. దధీచి తన యెముకలనిచ్చి దేవతలను కాచినట్లు, ఈ తునక తాను నశించి యింటిని కాచును. 1880 మే నెలలో దీనికి పేటెంటు లభించెను. మనము ఫ్యూజు అనునది ఇదియే. విద్యుత్తు మితిమీరినపుడు మార్గమును తెంచు స్విచ్చును సైతము ఆయన 1879లోనే ఒక పేటెంటు దరఖాస్తున వర్ణించెను; కాని వాడుకలోనికి తెచ్చినది ఫ్యూజునే.

1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధి విద్యుత్కేంద్రము పని ప్రారంభించెను. తీగలను ఆయన నేలలో పాతించెను. అయినను ప్రమాదములు తప్పలేదు. ధనపతి జె. పి. మోర్గన్ గృహమున తీగల లోపమువలన పుస్తకముల గదిలో నిప్పు పుట్టి బల్ల కాలెను. మోర్గన్ దీపములను విడువక తీగలను మరల వేయించెను.

ఎడిసన్‌కు పట్టుదలతోపాటు మొండితనమును కలదు. నేడు మన యిండ్లకు వచ్చు ఏ.సి. విద్యుత్తును ఆయన తీవ్రముగా వ్యతిరేకించెను. కాలము ఆయన పక్షమున నిలువలేదు. 1914 డిసెంబరున వెస్ట్ ఆరెంజ్‌లోని ఆయన కర్మాగారమే అగ్నికి ఆహుతికాగా, అరువది యేడేండ్ల వయస్సున మరల కట్టింప మొదలిడెను. 1931 అక్టోబరు 18న కన్నుమూసెను.

ఫ్యూజునకు ఒక కొరత యుండెను. కరిగిన ప్రతిసారియు క్రొత్త తీగ వేయవలెను. మాటిమాటికి పోవుచున్నదని విసిగి లావు తీగ చుట్టువారును కలరు. అది కావలివానిని కట్టివేసి నిద్రపోవుట వంటిది. 1924లో జర్మనీలోని మన్‌హైమ్ నగరమున హ్యూగో స్టోట్స్ సంస్థ, కరుగక తనంత తానే తెగి, మరల మీట నెత్తిన పనిచేయు చిన్న సాధనమును రూపొందించెను. అందు రెండు లోహముల పట్టీ కలదు. బరువు మీరినచో అది వేడికి మెల్లగా వంగి మీటను జార్చును. తీగలు కలిసినచో తీగచుట్ట అయస్కాంతమై రెప్పపాటులో మీటను లాగును. నేటి ఎం.సి.బి. దాని సంతతియే.

సినిమా అవకాశములకై పల్లెలనుండి హైదరాబాదులోని కృష్ణానగరు చేరి, ఇరుకు గదులలో నివసించు యువకులు పెక్కుమంది. ఒకే తీగపై హీటరు, ఇస్త్రీపెట్టె, వంటపొయ్యి నడుపునపుడు మీట పడినచో దానిని బలవంతముగ నిలుపరాదు. కొన్ని పరికరములను తీసివేయవలెను. అప్పటికిని పడినచో పనివానిని పిలువవలెను. ఎం.సి.బి. తీగలను కాచును గాని, తాకిన మనిషిని కాచునని నమ్మరాదు. విద్యుత్తు లీకును పసిగట్టు సాధనము వేరుగా నుండవలెను.

ఆదాయము నెరిగి వ్యయము చేయు గృహస్థునకు అప్పు బాధ లేనట్లు, తీగ బలము నెరిగి విద్యుత్తు వాడు గృహమునకు అగ్నిభయము తగ్గును. ఎడిసన్ దీపముతోపాటు లోకమునకు ఒసగిన పాఠమిదియే.